అక్షయ నిధి: పండిత రమాబాయి

సోలాపురము నుండి పూనా పోవు రైలుమార్గమున, దౌండు దాటిన తరువాత కేడ్‌గావ్ అను చిన్న స్టేషను వచ్చును. మన జోడ్‌భావి పేట్ వారికి అది ఎరిగిన దారియే. అక్కడ ముక్తి మిషనును స్థాపించిన పండిత రమాబాయిగారిని మహారాష్ట్రులు తమ మనిషిగా చెప్పుకొందురు, అది న్యాయమే. కాని ఆమె కష్టముల కథ మన తెలుగునాటనే ముదిరినదని మనలో కొద్దిమందికే తెలియును.

ఆమె 1858లో పశ్చిమ కనుమల అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. భార్యకు సంస్కృతము నేర్పినందుకు తోటివారి ఆగ్రహమునకు గురియైనవాడు. తరువాత క్షేత్రములలో పురాణము చెప్పుచు కుటుంబముతో ఊరూర తిరిగెను. రమాబాయికి తల్లి లక్ష్మీబాయియే గురువు.

1874లో కరవు వేళ వారు తిరుపతి ప్రాంతమున ఉండిరి. ఉన్నదంతయు పూజలకు, దానములకు వెచ్చించిరి. చివరి బియ్యపు గింజయు అయిపోయెను. కూలికి పోవుటకు కులగౌరవము అడ్డు, యాచించుటకు అభిమానము అడ్డు. అడవిలో పదకొండు దినములు ఆకులలములు తిని గడిపిరి. తండ్రి జలసమాధి కాదలచెను. కూలి చేసియైనను పోషింతునని కుమారుడు వారించెను. అయినను కొలది దినములకే ఆ వృద్ధుడు కన్నుమూసెను. మిగిలినవారు రాయచూరు చేరునప్పటికి తల్లికి లేచు శక్తి లేదు. ఆమె సజ్జరొట్టె ముక్క అడిగెను. రమాబాయి పొరుగింటి వాకిట నిలిచెను గాని నోరు పెగలలేదు. ఆ ఇల్లాలే గ్రహించి ఇచ్చెను. తెచ్చిన రొట్టెను తల్లి మింగలేకపోయెను. బ్రతుకుతెరువుకై ఊరు విడిచి మగ్గము వెంట వచ్చినవారి బిడ్డలము. ఆ రొట్టె సంగతి మనకు వేరుగా వివరింపనక్కరలేదు.

పిమ్మట అక్కయు పోయెను. అన్నాచెల్లెండ్రు దేశమంతయు నడచి 1878లో కలకత్తా చేరిరి. అక్కడి విద్వాంసులు ఆమెకు పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. 1880లో అన్న మరణించెను. అదే యేట వేరు కులమువాడైన వకీలును పెండ్లాడెను. 1882లో అతడును కలరాతో పోయెను. మిగిలినది పసిబిడ్డ మనోరమ.

1883లో ఇంగ్లండు వెళ్లి సెప్టెంబరు 29న బిడ్డతోకూడ బాప్తిస్మము పొందెను. అయినను అక్కడి మతాధికారులు చెప్పినదెల్ల తలయూచి అంగీకరింపలేదు. మొదట తనకు దొరికినది క్రైస్తవ మతమే గాని క్రీస్తు కాదనియు, ఆయన కొన్నేండ్ల పిమ్మట దొరికెననియు తరువాత తానే వ్రాసికొనెను.

1889లో వితంతు బాలికలకై బొంబాయిలో శారదా సదనము తెరచి, మరుసటి యేట పూనాకు మార్చెను. మత బోధ చేయనని మాట ఇచ్చెను. కాని తన గదిలో ప్రార్థించునపుడు తలుపు మూయలేదు. బాలికలు తామై వచ్చి కూర్చుండిరి. ఊరు అట్టుడికెను. తిలక్‌గారి కేసరి విరుచుకుపడెను. 1893లో రానడే, భండార్కర్‌గార్లు సలహా సంఘమునుండి తొలగిరి. చాలమంది తమ పిల్లలను తీసికొనిపోయిరి. మాటను నమ్మి పంపిన సంరక్షకుల భయమును మేము తప్పుపట్టజాలము. అయినను ఆ తలుపొక్కటి మూసియుండిన ఆమెకు గౌరవము, ధనము, స్నేహము అన్నియు నిలిచెడివి. ఆమె మూయలేదు.

తరువాతి కరవులలో మధ్యపరగణాలు, గుజరాతు ప్రాంతముల నుండి ఆకలి పిల్లలను వందలకొలది కేడ్‌గావ్‌కు తెచ్చెను. రాయచూరు రొట్టెను మరచిన మనిషి కాదు గదా! వారికి నేత, కుట్టుపని, అచ్చుపని నేర్పించెను. నేతపని ఉన్నదనగానే మనకు ముచ్చట వేయుట సహజము. 1907లో తన విశ్వాసమును అక్షయ నిధి యని పేర్కొని చిన్న పుస్తకము వెలువరించెను.

చదువురాని ఆడవారికిని తెలియు సులభమైన మరాఠీలో బైబిలును అనువదింప దలచి, ముసలితనమున హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చెను. ముక్తి స్త్రీలే అక్షరములు కూర్చిరి. 1921 జూలైలో మనోరమ మరణించెను. చెవులు వినబడవు, ఒంట సత్తువ లేదు. అయినను ప్రూఫులు దిద్దుట మానలేదు. ఆ పని ముగించి 1922 ఏప్రిల్ 5న కన్నుమూసెను. గ్రంథము 1924లో వెలువడెను.