ఘంటసాల గీత సావుపాట కాదు

సికింద్రాబాద్‌ల బోయిగూడ కాడ నిలవడ్డా, బన్సీలాల్‌పేట కాడ నిలవడ్డా ఒక సంగతి ఎరుకైతది. దూరంకెళ్లి భగవద్గీత ఇనవడ్డదంటే సాలు, ఇండ్లల్ల ఉన్నోళ్లు బయటికొచ్చి ఎవలు పోయిన్రోనని సూస్తరు. ఎనకనే వైకుంఠరథం వస్తది. ఎవలన్న పొద్దుగాల ఇంట్ల అదే గీత వెడ్తే, పెద్దోళ్లు గాబరై బంద్ చేయమంటరు. ఆ గొంతు ఘంటసాలది. ఆయన బతుకు తెలిసినోళ్లు ఆ పాటను గట్ల సావుకు రాసియ్యరు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న క్రిష్ణా జిల్లా గుడివాడ దగ్గరి చౌటపల్లిల పుట్టిండు. నాయిన సూరయ్య తరంగాలు పాడేటోడు. కొడుకును భుజాల మీద ఎక్కించుకొని భజనలకు తీస్కవోయేటోడు. పోరడు ఇంకా ఎదగకముందే ఆ నాయిన పోయిండు. అయినా పాట ఇడువలే. సంగీతం నేర్సుకుందామని విజయనగరం వోయిండు. ఇంటింటికి తిరిగి మధుకరం అడుక్కొని కడుపు నింపుకున్నడు. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సాధన చేసిండు. 1942ల క్విట్ ఇండియా ఉద్యమంల దిగి, అలీపురం జైలుకు గూడ వోయిండు.

తర్వాత మద్రాస్. గ్రామఫోన్ కంపెనీ మొదట ఆయన గొంతు పనికిరాదన్నది. అదే కంపెనీల ఉన్న పేకేటి శివరాం తర్వాత ఆ గొంతును నమ్మి రికార్డు చేయించిండు. అప్పటి ప్లేటుకు ఒక్కో దిక్కు మూడు నిమిషాలు, జరంత అటిటు. ఆ మూడు నిమిషాలల్లనే మనిషిని ఏడిపియ్యాలె, నవ్వియ్యాలె. నాటకాలల్ల రాగం గుంజి గుంజి పాడే పద్యాన్ని ఆయన పొట్టిగ చేసిండు. మాట తేటగ ఇనవడేటట్టు, భావం ముందుకొచ్చేటట్టు పాడిండు. కరుణశ్రీ రాసిన పుష్పవిలాపం బడికి పోనోళ్లకు గూడ తెలిసిందంటే, ఆ ప్లేటు పుణ్యమే. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్ సంగతి సెప్పనక్కరలే. 1970ల పద్మశ్రీ వచ్చింది. 1971ల యూరప్, అమెరికా తిరిగి పాడొచ్చిండు.

అప్పటికే పానం బాగలేదు. షుగరు, గుండెజబ్బు. గా టైంలనే గీత పట్టుకున్నడు. సంస్కృతం రానోళ్లకు గూడ అర్థం కావాలని శ్లోకం ఎంబడే తెలుగు తాత్పర్యం సెప్పిండు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిండు. యాభై రెండేండ్లు గూడ నిండలే. గీత ప్లేటు బజారుకొచ్చేటాల్లకు ఆయన లేడు.

ఇగ ఆలోచన చేయిన్రి. గీత ఎవలికి సెప్పిన మాట? పీనుగకు కాదు. యుద్ధం నడుమ విల్లు కింద వడేసి, నాతోని కాదని కూలవడ్డోనికి లే, నీ పని నువ్వు చెయ్యి అని సెప్పిన మాట. దాన్ని పాడిన మనిషి గూడ రోగం వచ్చిందని పండుకోలే. లేసి తన పని తను చేసిండు. సచ్చినోళ్ల ముందట ఆ పాట వెట్టొద్దని అంటలే. దుక్కంల ఉన్నోళ్లకు అది ధైర్నమిస్తది. గని బతికున్నోళ్ల ఇండ్లల్లకెళ్లి దాన్ని ఎల్లగొట్టుడు మాత్రం అన్యాలం.

రేపు పొద్దుగాల పొయ్యి మీద చాయ వెట్టి, ఆ గీత పెట్టున్రి. పక్కింటోళ్లు ఎవలు పోయిన్రని అడిగితే, ఎవలు పోలే, మేమే లేసినమని సెప్పున్రి.