పావులూరి మల్లన - క్షేత్రగణితమున ముఖభూముల యోగార్ధము

తెలుగున శాస్త్రగ్రంథ రచనకు ఆద్యుడుగా పేర్కొనదగిన పావులూరి మల్లన కమ్మనాటిలోని పావులూరికి చెందినవాడు. ఆ గ్రామం నేడు బాపట్ల జిల్లాలో ఉన్నది. రాజరాజనరేంద్రుడు (1022-1061) పిఠాపురం చేరువనున్న నవఖండవాడను అగ్రహారంగా ఇచ్చినది ఈ కవికేనని కొందరు, ఇతని తాతయైన మరొక మల్లనకని కొందరు విమర్శకులు తలచారు. రెండవ పక్షమున కవికాలం 12వ శతాబ్ది ఆరంభానికి జరుగుతుంది. తాతపేరు మనుమనికి పెట్టు ఆచారమును బట్టి నాకు ఈ పక్షమే సమంజసమని తోచును.

మల్లన తెలిగించినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. మహావీరుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమువాడు, జైనుడు. మల్లన శైవుడగుటచే మూలంలోని జైనపరమైన ఉదాహరణలను శివపరముగా మార్చుకొని పద్యాలలో కూర్చాడు. లెక్క చెడకుండ దైవమును మార్చుట, దానిని ఛందస్సున నిలుపుట సామాన్యమైన పని కాదు. సాహిత్యచరిత్రకారులు ఇతని పద్యములను మెచ్చినంతగా గణితమును పరిశీలింపలేదు.

మూలంలోని క్షేత్రగణితమున ఒక అంశం ప్రత్యేకముగా విచారింపదగినది. చతుర్భుజ క్షేత్రఫలమునకు మహావీరుడు స్థూలము, సూక్ష్మము అని రెండు మార్గములు చెప్పాడు. ముఖభూముల మొత్తంలో సగమును పార్శ్వభుజాల మొత్తంలో సగముతో గుణించుట స్థూలం. అవలంబముతో గుణించుట సూక్ష్మం. ముఖం 4, భూమి 14, పార్శ్వాలు 13 చొప్పున గల పొలమును తీసుకొందము. యోగార్ధం 9. భూమికి ముఖానికి గల భేదంలో సగం 5 కనుక అవలంబం 12. సూక్ష్మఫలం 108, స్థూలఫలం 117. అగ్రహారం పొందిన వంశమునకు ఈ 9 భాగాల భేదం పుస్తకములో లెక్క మాత్రమే కాదు.

ఆ యోగార్ధమే పార్శ్వభుజాల మధ్యబిందువులను కలుపు రేఖ పొడవు. కర్ణం గీసిన క్షేత్రం రెండు త్రిభుజాలగును. మధ్యరేఖ ఒకదానిలో భూమికి సగం, రెండవదానిలో ముఖానికి సగం.

విషమ చతుర్భుజమునకు సూక్ష్మవిధి చెల్లదని మహావీరుడు మినహాయించాడు. అయితే పార్శ్వాలు అసమానమైనను ముఖభూములు సమాంతరములైనచో విధి చెల్లును. సమాంతరతయే దీనికి ఆధారం. ఈ మినహాయింపును మల్లన ఎట్లు గ్రహించెనో తాళపత్ర ప్రతులను పోల్చి తేల్చవలెను. తార్నాక చేరువ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రాచ్యలిఖిత గ్రంథాలయము, సంస్కృతాన్ని, గణితాన్ని బోధించు శాఖలు నడక దూరంలోనే ఉన్నవి. ఆ పరిశీలనకు వ్యాకరణము తెలిసినవాడును, రేఖాగణితము తెలిసినవాడును ఒకే బల్ల వద్ద కూర్చుండవలసి ఉన్నది.