చదరంగపు బల్లయొద్ద ఫ్రాంక్లిను

అమెరికా స్వాతంత్ర్యమునకు పాటుపడిన మహాపురుషులలో బెంజమిను ఫ్రాంక్లిను ఒకడు. ముద్రాపకుడుగను, మెఱుపు విద్యుత్తేయని నిరూపించిన శాస్త్రజ్ఞుడుగను, రాయబారిగను ఆయన పేరు మీరు వినియే యుందురు. ఆయనకు చదరంగమనిన ప్రాణమని యెఱిగినవారు మాత్రము కొందఱే. ఆ యాటలో ఆయన ఆరితేరిన పండితుడు కాడు. తీరిక దొరికినపుడు వేడుకకై ఆడినవాడు. అయినను గెలిచినవాడెట్లు నడచుకొనవలెనను విషయమును ఆయన పెక్కేండ్లు ఆలోచించెను.

ఫ్రాంక్లిను 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి సబ్బులును క్రొవ్వొత్తులును చేసి జీవించువాడు. పదునేడుగురు సంతానములో ఈయన పదునైదవవాడు. బడిచదువు రెండేండ్లతోనే ముగిసెను. పండ్రెండవ యేట అన్నగారి ముద్రణాలయమున పనికి కుదిరి, 1723లో ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరి, కొన్నియేండ్లకు అచట సొంత ముద్రణాలయమును నెలకొల్పుకొనెను.

1733లో ఆయన పరభాషలు నేర్వ నారంభించెను. ఫ్రెంచి కొంత పట్టువడిన పిదప ఇటాలియను భాషను చేపట్టెను. ఆ భాషనే నేర్చుకొనుచున్న మిత్రుడొకడు తఱచుగా చదరంగమునకు పిలుచుచుండెను. ఆడకున్న మనసు నిలువదు. ఆడినచో చదువు సాగదు. తుదకు ఫ్రాంక్లిను ఒక నియమము పెట్టెను. గెలిచినవాడు ఓడినవానికి పని యొకటి విధింపవచ్చును. వ్యాకరణమున కొంత భాగమును కంఠస్థము చేయుటయో, కొంత అనువదించుటయో ఆ పని. మరల కలిసికొనులోపల దానిని ముగింతునని ఓడినవాడు మాట యీయవలెను. ఇరువురి నేర్పును ఇంచుమించు సమానమగుటచే ఒకమాఱు ఒకడు, మఱియొకమాఱు ఇంకొకడు ఓడుచు, ఇద్దఱును భాష నేర్చుకొనిరి. ఇట్టి యాటలో ఓడినవానికే లాభమెక్కువ గదా!

తరువాత ఆయన అమెరికా వలసరాజ్యముల ప్రతినిధిగా చాల కాలము లండనులో నివసించెను. 1774 చివర ఇంగ్లండునకును వలసలకును వైరము ముదిరి యుద్ధము సమీపించెను. అప్పుడు కరోలిను హోవ్ అను కులీన స్త్రీ తాను చదరంగమున ఫ్రాంక్లినును ఓడింపగలనని తలచుచున్నదనియు, ఆయనతో నాడగోరుచున్నదనియు కబురు వచ్చెను. ఆయన వెళ్లి ఆడెను; ఆమె మాటతీరు నచ్చుటచే మరల వెళ్లెను. క్రిస్మసు దినమున ఆమె తన సోదరుడును నౌకాసేనానియు నగు హోవ్ ప్రభువును ఆయనకు పరిచయము చేసెను. చూచువారికి అది చదరంగము. లోపల జరిగినది సంధి ప్రయత్నము. రెండు దేశముల రక్తము చిందకుండ కాపాడుటకై ఆయన కోరికల పట్టిక వ్రాసి యిచ్చెను గాని ప్రభుత్వము సమ్మతింపలేదు. 1775 మార్చిలో ఆయన ఓడయెక్కెను. స్వదేశము చేరులోపలనే తుపాకులు మ్రోగినవి. మరుసటియేడు సెప్టెంబరులో ఆయనయు హోవ్ ప్రభువును మరల ఎదురుపడిరి. కాని స్వాతంత్ర్యము అప్పటికే ప్రకటింపబడుటచే ఆ సమావేశమును నిష్ఫలమయ్యెను.

యుద్ధకాలమున ఫ్రాంక్లిను ఫ్రాన్సులో రాయబారిగా నుండెను. అప్పటి కథ నొకదానిని జెఫర్సను చెప్పియున్నాడు. ఒక వృద్ధ ప్రభుపత్ని తన రాజును ప్రత్యర్థి బలము క్రింద పెట్టగా ఫ్రాంక్లిను దానిని పుచ్చుకొనెనట. రాజులను పట్టుకొను ఆచారము తమకు లేదని ఆమె యనగా, అమెరికాలో తమకు గలదని ఆయన బదులు చెప్పెనట. నవ్వుచు ననినను చిన్న మాట కాదది!

స్వదేశమునకు తిరిగివచ్చిన తరువాత, 1786లో, ఎనుబది యేండ్ల వయసున చదరంగపు నీతులను గూర్చి ఆయన ఒక వ్యాసము ప్రకటించెను. ముందుచూపు, పరిశీలన, జాగ్రత్త, ఆశ విడువకుండుట అను గుణములు ఈ యాటవలన అలవడునని ఆయన మతము. ఆట తనంత తానే రక్తి కట్టించును గనుక ధనము పందెముగా నొడ్డి దీనిని ఎన్నడును ఆడరనియు వ్రాసెను. ఎదుటివాడు ఆలోచించుచుండగా తొందరపెట్టరాదు, ఈలవేయరాదు, వ్రేళ్లతో బల్లపై తాళము వేయరాదు, పొరపాటున చెడ్డయెత్తు వేసితినని నటించి మోసగింపరాదు. గెలిచినపుడు విఱ్ఱవీగరాదు. ఓడినవానితో నీకు నాకంటె ఆట బాగుగ తెలియునుగాని కొంచెము ఏమఱితివని చెప్పి, అసత్యము కాని మంచిమాటతో ఊరడింపవలెను. వేడుకకై ఆడునపుడు మఱియొక యడుగు ముందుకు వేయవచ్చునట. ప్రత్యర్థి తన పావును దిక్కులేని చోట నుంచినను, రాజును ఆపదకు దెచ్చుకొన్నను, ఆ సంగతి వానికి చెప్పవచ్చును. ఆట పోవచ్చును గాని, వాని గౌరవమును స్నేహమును దక్కును. ఈ నియమము మనలో ఎందఱికి సాధ్యమో!

1787లో దేశ రాజ్యాంగమును రచించిన సభలో ఆయన వయోవృద్ధుడుగా పాల్గొనెను. 1790 ఏప్రిలు 17వ తేదీన ఎనుబదినాలుగవ యేట ఫిలడెల్ఫియాలో కన్ను మూసెను. ఇన్నూఱేండ్లు దాటిన పిదప, 1999లో, అమెరికా చదరంగ కీర్తిమందిరమున మేటి ఆటగాండ్ర సరసన ఆయన పేరును చేర్చిరి.