ఇంటిలోని సంఘము: మాథ్యూ హెన్రీ గారి జీవితము

ప్రసంగము సిద్ధపరచుకొను కాపరుల బల్లమీద తరచు కనబడు గ్రంథములలో మాథ్యూ హెన్రీ గారి బైబిలు వ్యాఖ్యానము ఒకటి. అంత గొప్ప గ్రంథమును వ్రాసినవాడు ఏ విశ్వవిద్యాలయములోనో ఆచార్యుడై యుండునని మనము తలంచవచ్చును. అయితే దానికి విత్తనము పడినది ఒక పల్లెటూరి ఇంటిలో, తలిదండ్రులును బిడ్డలును కూడి చేసిన కుటుంబ ప్రార్థనలోనే.

ఆయన తండ్రి ఫిలిప్ హెన్రీ గారు వేల్సు సరిహద్దు ప్రాంతమున సేవచేసిన కాపరి. 1662లో ఇంగ్లండులో వచ్చిన చట్టము, నియమిత ప్రార్థనా గ్రంథమునకు సంపూర్ణముగా సమ్మతింపని బోధకుల నోరు మూయించెను. మనస్సాక్షిని చంపుకొనలేని ఫిలిప్ గారికి ప్రసంగవేదిక లేకపోయెను. ఆ సంవత్సరమే అక్టోబరు 18న బ్రాడ్ ఓక్ అను వారి ఇంట మాథ్యూ జన్మించెను. 1664లో మరియొక చట్టము, ఇంటివారు గాక ఇతరులు కొద్దిమందికి మించి ఆరాధనకు కూడరాదని నిషేధించెను. ఇక ఆ సేవకునికి మిగిలిన సంఘము ఆయన ఇల్లే.

ఆయన ఆ చిన్న సంఘమును చిన్నచూపు చూడలేదు. దినమునకు రెండుమారులు భార్య కేథరిన్ గారిని, బిడ్డలను, పనివారిని కూర్చుకొని, వాక్యమును వరుసగా చదివి, భాగములుగా విడదీసి వివరించుచుండెను. చిన్నవారికి నిద్ర రాకమునుపే సాయంకాల ప్రార్థన ముగించుచు, అది ఎవరికిని భారము కాకుండునట్లు క్లుప్తముగా నడిపెను. బిడ్డలు తాము విన్నదానిని కాగితములమీద వ్రాసికొనిరి. కుమార్తె సారాకు బాల్యముననే హెబ్రీ భాష నేర్పెను. ఆమె పెద్దదై అనేక సంవత్సరములు తన ఆత్మీయ దినచర్య వ్రాసెను.

మాథ్యూ గారు 1687లో చెస్టరు పట్టణమున కాపరియై, తండ్రి పద్ధతినే తన ఇంట నిలిపెను. ఉదయము పాతనిబంధన, సాయంకాలము క్రొత్తనిబంధన చదివి, పిల్లలను ప్రశ్నలడిగెను. ఆ బలిపీఠము సుఖదినములలో మాత్రమే వెలిగినది కాదు. 1689లో మొదటి భార్య బిడ్డను కని మశూచికముతో మరణించెను. రెండవ వివాహమున పుట్టిన బిడ్డలలో ముగ్గురు పసితనముననే గతించిరి. కన్నీరు కార్చిన ఆ ఇంటిలోనే వాక్యము తిరిగి తెరువబడెను.

1704 నవంబరులో ఆయన వ్యాఖ్యానము వ్రాయ నారంభించెను. తండ్రి ఇంటి ప్రార్థనలో విన్న అనేక భావములు అందులో చోటుచేసికొనెను. 1710లో, లేఖన వచనములనే ప్రార్థనలుగా మలచుకొనుటకు స్తుతి, ఒప్పుకోలు, విన్నపము, కృతజ్ఞత, విజ్ఞాపన అను వరుసలో ఒక పుస్తకము ప్రకటించెను. చదివిన వాక్యమే దేవునితో మాట్లాడు మాట కావలెనన్నది ఆయన కోరిక. 1712లో లండను సమీపమునగల హాక్నీకి వెళ్లెను. 1714 జూన్ 22న, చెస్టరునుండి తిరిగి వచ్చు ప్రయాణములో, నాంట్‌విచ్ వద్ద 51 ఏండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించెను. అప్పటికి అపొస్తలుల కార్యములవరకు పూర్తియైనది; మిగిలిన పత్రికలను, ప్రకటన గ్రంథమును తోటి సేవకులు ముగించిరి.

ప్రియ సంఘ సభ్యులారా! మన ఇండ్లలో రాత్రి భోజనమైన తరువాత, కండ్లు మూతపడుచుండగా, ఒక కీర్తన గబగబ చదివి ప్రార్థన అయినదనిపించుకొను అలవాటు మనకు లేకపోలేదు. పది వచనములే చాలును. అయితే తొందరపడక చదువుదము. చిన్నవాడు ఏమి గ్రహించెనో అడుగుదము. అందులోని ఒక మాటతోనే ప్రార్థింతము. ఆలయపు తలుపులు మూయబడిన దినములలో ఒక తండ్రి తన ఇంట చేసినది ఇంతే. ఆ ఇంటిలో విత్తబడిన వాక్యపు పంటను మూడువందల ఏండ్లు దాటినను సంఘము నేటికిని అనుభవించుచున్నది.