గుత్తి సమాధి: సర్ థామస్ మన్రో జీవితం

నూజివీడు మామిడితోటల సీమలోని హనుమాన్ జంక్షన్ మీదుగా బందరు చేరిన పరిశోధకులు అక్కడి డచ్చివారి సమాధులను చూడక మానరు. ఆ రాళ్లపై వంశచిహ్నాలు, లేఖనాలు చెక్కి ఉన్నాయి. చదివినవారికి చరిత్ర చేతికందినట్లే తోస్తుంది. కాని సమాధిశిల ఒక్కటే జీవితచరిత్రకు చాలిన ప్రమాణం కాదనడానికి గుత్తికోట దిగువనున్న తెల్లవారి శ్మశానవాటిక నిదర్శనం. అక్కడ సర్ థామస్ మన్రో సమాధి ఉన్నది. అందులో ఆయన అస్థికలు లేవు.

మన్రో 1761 మే 27న గ్లాస్గోలో జన్మించి, 1780లో సైనికోద్యోగిగా మద్రాసు చేరాడు. హైదరాలీతో యుద్ధం, బారామహల్ పైమాయిషీ, కన్నడ తీరప్రాంత పాలన గడచిన పిమ్మట, 1800లో నిజాము వదలుకొన్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరయ్యాడు. అనంతపురం ఆయన ముఖ్యస్థానం. ఏడేండ్లు ఊరూరా గుడారాలలో మకాం చేస్తూ పొలాలు కొలిపించి, మధ్యవర్తులు లేకుండా రైతుతోనే శిస్తు నిర్ణయించే రైతువారీ పద్ధతిని నెలకొల్పాడు. పాలెగాండ్లను అణచడంలో చూపిన కాఠిన్యాన్ని ఆయన ప్రశంసకులు తరచు దాటవేస్తారు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1822లో ఆయన ఆరంభించిన విచారణ వల్లనే ఆనాటి మద్రాసు రాజధానిలో 12,498 పాఠశాలలున్నట్లు లెక్క తేలింది. మన వీథిబడుల చరిత్రకు అది నేటికీ మూలాధారం.

1827లో పదవి విడిచే ముందు తన పాత మండలాలను కడసారి చూడాలని బయలుదేరాడు. భార్య అంతకుముందే జబ్బుపడిన కుమారునితో ఇంగ్లండు వెళ్లింది. దారిపొడవునా కలరా వ్యాపించి ఉన్నది. జూలై 6న పత్తికొండలో ఆ వ్యాధి సోకి, ఆ రాత్రికే మరణించాడు. మరునాడు దేహాన్ని గుత్తికి చేర్చి ఖననం చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో బావి, తోపు, గుత్తిలో సత్రం ఆయన స్మారకాలుగా వెలిశాయి.

ఇక జనశ్రుతి వేరు. కడప సీమలోని గండి వద్ద పాపఘ్నిపై బంగారు తోరణం ఆయనకు కనబడిందనీ, దానిని చూచినవారికి మరణం ఆసన్నమనీ ఆ ప్రాంతీయులు చెప్పుకొంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చాడన్న కథ మరింత ప్రసిద్ధం. ఇవి మన్రో చరిత్రకు సాక్ష్యాలు కావు. ఒక దొర మరణాన్ని ఈ సీమవారు తమ స్థలపురాణాలలో కలుపుకొన్నారనడానికి మాత్రం సాక్ష్యాలే. ఆయన పేర బిడ్డలను మన్రోలప్ప అని పిలుచుకొన్న కుటుంబాలు కూడా ఈ సీమలో ఉండేవి.