అన్నమయ్య పాటకు మళ్లీ గొంతు ఇచ్చిన రాళ్లపల్లి

కమాన్‌పూర్ ఆదివరాహస్వామి సన్నిధిలో అయినా, గోదావరిఖని బొగ్గుగనుల కాలనీల్లో శనివారం భజనలో అయినా అన్నమయ్య పాట వినిపిస్తే మనకు కొత్తేమీ కాదు. 500 ఏళ్ల నాటి పాట అని మురిసిపోతాం. పాట నిజంగానే అంత పాతది. మరి మనం వినే బాణీ? అది చాలావరకు గత వందేళ్లలో కట్టిందే! ఆ పనికి దారి వేసినవాళ్లలో ముఖ్యులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు. ఈ రోజు ఆయన కథ చెప్పుకుందాం.

శర్మ గారు 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. తల్లి పేరు అలమేలుమంగమ్మ. ఆ కొడుకు చివరికి అలమేలుమంగ పతి పాటలకే అంకితమయ్యారు చూడండి! చదువు కోసం మైసూరు వెళ్లి పరకాల మఠంలో సంస్కృతం నేర్చుకున్నారు. సంగీతం బిడారం కృష్ణప్ప వంటి పెద్దల దగ్గర అబ్బింది. మైసూరు మహారాజా కాలేజీలో ఎన్నో ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాల పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. అంటే ఒకే మనిషిలో కవిత్వం తెలిసిన పండితుడు, రాగం తెలిసిన విద్వాంసుడు ఇద్దరూ ఉన్నారన్నమాట.

ఇటు తిరుమలలో ఏం జరిగిందంటే, అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి గుడిలోని చిన్న రాతి గదిలో భద్రపరిచారు. తరాలు గడిచాయి, లోకం వాటిని మరిచిపోయింది. 20వ శతాబ్దంలో అవి మళ్లీ వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు కష్టపడి పరిష్కరించి అచ్చు వేయించారు. రేకుల మీద పాట ఉంది, పాట పైన రాగం పేరు ఉంది. కానీ స్వరం లేదు! పేరున్న రాగాల్లోనూ కొన్ని ఇప్పుడు ఎవరూ పాడటం లేదు.

దాదాపు 56 ఏళ్ల వయసులో శర్మ గారు తిరుపతి చేరి ఈ పని అందుకున్నారు. సంపుటాలు పరిష్కరించారు, వందకు పైగా కీర్తనలకు స్వరరచన చేశారు.

ఇక్కడే అసలు చిక్కు. భక్తుడు స్వామికి అర్పించిన పాటకు మనం కొత్త బాణీ కట్టొచ్చా? అది అపచారం కాదా? జర్మనీలో బాఖ్ (1685–1750) కూడా లూథరన్ చర్చిలో జనం పాడుకునే పాత కీర్తనల మీద ఆర్గాన్ కోసం కొత్త సంగీతం రాశాడు. కానీ ఆయనకు పాత బాణీ చేతిలో ఉంది. శర్మ గారికి మాటలు తప్ప ఏమీ మిగల్లేదు. బాణీ కట్టకపోతే ఆ పాట పుస్తకంలో పద్యంలా పడి ఉండేది. కీర్తన అంటే పాడాల్సింది కదా, పాడనప్పుడు అది స్వామికి చేరినట్టా?

అన్నమయ్య బాణీయే దొరికిందని శర్మ గారు ఎక్కడా చెప్పుకోలేదు. కట్టిన బాణీలను స్వరంతో సహా అచ్చులో పెట్టారు, ఎవరైనా నేర్చుకుని పాడుకోవచ్చు. తర్వాత బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి మహానుభావులు ఆ దారిలో ఇంకా ఎన్నో కీర్తనలకు ప్రాణం పోశారు.

1974లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979లో ఆయన స్వామి పాదాలు చేరారు.

తిరుమలలో ముందు వరాహస్వామిని దర్శించుకుని, తర్వాతే వేంకటేశ్వరుడి దగ్గరికి వెళ్లడం ఆచారం. అక్కడ దారి చూపిన స్వామికి ముందు దండం. అలాగే ఇకమీద అన్నమయ్య పాట వినేటప్పుడు, స్వరరచన ఎవరిదో ఆ పేరు కూడా ఒకసారి చూడండి. ఆ చేతులకూ మనసులో ఒక నమస్కారం పెట్టుకోండి.

ఓం నమో వేంకటేశాయ!