ఆరియోమైసిన్: సుబ్బారావు ఇచ్చిన మందు, మనం పోగొట్టుకుంటున్న పదును

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నారు. తిన్నది ఒంటబట్టనివ్వని పేగుల జబ్బు అది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు; ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు.

1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో పరిశోధన మొదలుపెట్టారు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ఢిల్లీ జియా సరాయ్‌లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులు బయోకెమిస్ట్రీలో ఈ పేరు చూసే ఉంటారు. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించిన తొలి పరిశోధకుల్లోనూ ఆయన ఒకరు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను, బోదకాలు వ్యాధికి హెట్రజాన్‌ను తెచ్చింది. అప్పటికి పెన్సిలిన్ లొంగదీయలేని సూక్ష్మజీవులు చాలానే ఉన్నాయి. వాటికోసం మట్టి నమూనాలను వెతికే పనిని డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు అప్పగించారు. మిస్సోరీ మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ పుట్టింది. తొలి టెట్రాసైక్లిన్ అదే. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. కొద్ది వారాలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ఆ తర్వాతి కథ ఆయన చూడలేదు. బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ దీనికి విరుగుడు కనిపెట్టింది. టెట్-ఎం అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్, రైబోజోమ్‌కు అంటుకున్న మందును ఊడదీస్తుంది. ఈ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దూకగలదు. చాలాసార్లు ఎరిత్రోమైసిన్‌ను తట్టుకునే జన్యువునూ వెంట తీసుకెళ్తుంది. అంటే ఒక మందును విచ్చలవిడిగా వాడితే రెండో మందూ చెడుతుంది.

వాడకం ఆసుపత్రులకే పరిమితం కాలేదు. మేతలో కొద్దిగా కలిపితే కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయని లెడర్లీ శాస్త్రవేత్తలే సుబ్బారావు మరణానంతరం గమనించారు. జబ్బు లేని పశుపక్ష్యాదులకూ మందు అలవాటైంది. దీన్ని కట్టడి చేయాలని బ్రిటన్‌లో స్వాన్ కమిటీ 1969లోనే సూచించింది. అమెరికాలో ఎదుగుదల కోసం వాడటం 2017లో గానీ ఆగలేదు.

ఈ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ నేటికీ కొన్ని రకాల న్యుమోనియాకు, స్క్రబ్ టైఫస్‌కు చవకైన ఆధారం. చీటీ లేకుండా మందుల షాపులో కొనే ప్రతి స్ట్రిప్పూ, మేతలో కలిపే ప్రతి గ్రామూ ఆ ఆధారాన్ని కొంత తరిగిస్తాయి.